చెయ్యెత్తితే ఆగాలి

కిందటేడాది పెద్ద పరుగులో నన్ను బస్సు ఎత్తుకుపోయింది. ముప్పై మూడో కిలోమీటరు దగ్గర, పెద్ద వంతెన దిగుతుండగా.

ఆ బస్సు సంగతి ముందు చెప్పాలి. అది నలభై రెండు కిలోమీటర్ల పరుగు. పొద్దున్నే అయిదింటికి మొదలవుతుంది. పన్నెండింటికి రోడ్లు మళ్లీ బళ్లకి వదిలేస్తారు. అందుకని అందరికంటే వెనకాల ఒక సిటీ బస్సు వస్తుంది. గంటకి ఆరు కిలోమీటర్లు, ఎక్కువా కాదు తక్కువా కాదు. అది ఎవర్ని దాటితే వాళ్లు ఎక్కి కూర్చోవాలి. గ్రౌండు గేటు దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. దానికంటే ముందు గేట్లో అడుగు పెట్టినవాళ్లు పరుగు పూర్తి చేసినట్టు. మిగతావాళ్లు బస్సు ప్రయాణం చేసినట్టు.

"ఎక్కు పెద్దాయనా, సిగ్గెందుకు? లోపల పదిహేను మంది ఉన్నారు, నీకంటే కుర్రాళ్లే" అన్నాడు మెట్టు మీద నిలబడ్డ ఈల మాస్టారు. ఆయన ఎక్కడో ఆటల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మెడలో ఈల, చంకలో నిబంధనల కాగితాలు. ఆయనకి దగ్గొచ్చినా ఈలే మోగుతుందని అంటారు.

ఎక్కాను. అరటిపండు ఇచ్చారు. తినలేదు.

మోకాలు కుండలా వాచింది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. మా అమ్మాయి సెలవు పెట్టి నా పక్కనే కూర్చుంది. పదో రోజున ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అతను ఎక్స్‌రే ఫిల్మును లైటుకి పెట్టి చూపించాడు.

"చిప్ప వెనకాల అరిగిపోయింది. దిగేటప్పుడే కదూ నొప్పి?"

"ఊఁ."

"ఇంక పరుగు మానెయ్యాలి తాతా."

"ఎక్కడం?"

"ఎక్కొచ్చు. కానీ ఎక్కినవాడు దిగాలిగా!"

డాక్టరు నవ్వాడు. మా అమ్మాయి నవ్వలేదు.

"విన్నావుగా?" అంది బయటికొచ్చాక.

"విన్నాను."

విన్నానన్నానే గాని ఒప్పుకున్నానని అనలేదు. ఆ తేడా దానికీ తెలుసు. ఇంటికి రాగానే నా బూట్లు తీసి అటక మీద పడేసింది, నిచ్చెన పక్కింట్లో ఇచ్చేసింది.

నేను తాళ్లు పేనేవాణ్ణి. నలభై ఒక్క ఏళ్లు అదే పని. నూట యాభై గజాల పొడుగు రేకుల షెడ్డు, దాని కొసన ఒక చక్రం. నడుముకి నార చుట్టుకోవాలి. ఒక పోగు లాగి చక్రం కొక్కేనికి తగిలించాలి. ఇక ఎడమ చేతి వేళ్ల మధ్య నుంచి నార వదులుతూ వెనక్కి నడవాలి. చక్రం తిరుగుతున్న కొద్దీ పురి పడుతుంది. నడక వెనక్కి, చూపు ముందుకి. వెనక గోడ దగ్గరపడుతుంటే వీపుకే తెలిసేది. మా అల్లుడు ఒకసారి లెక్కేసి, "మావయ్యా, మీరు భూమిని ఒకటిన్నర చుట్లు వెనక్కి నడిచారు" అన్నాడు. అంత నడిచినా రోజూ సాయంత్రం షెడ్డులోనే ఉండేవాణ్ణి.

చక్రం తిప్పే పని మా ఆవిడది. ఆవిడ పోయేటప్పటికి అమ్మాయికి తొమ్మిదేళ్లు. బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి మూల పడేసి, చక్రం దగ్గర నిలబడేది. ఆ మోతలో మాట వినపడదు. చేత్తోనే చెప్పుకోవాలి. కుడి చెయ్యి పైకెత్తితే చక్రం ఆపు. చూపుడువేలు గుండ్రంగా తిప్పితే ఇంకా వేగంగా తిప్పు. అంతకుమించి మాటలు మాకు అవసరం పడలేదు. మూడో తరగతితో ఆగిన నాకు ఆ భాష సరిపోయింది.

దానికి పదేళ్లప్పుడు ఒకరోజు నేను చెయ్యెత్తాను. అది కిటికీలోంచి ఏదో చూస్తోంది. ఒక్క ఊపిరి ఆలస్యమైంది. పురి నా ఎడమ చిటికెన వేలు కొస పట్టుకుపోయింది. నేను గుడ్డ చుట్టుకుని మిగతా తాడు పేనేశాను. ఆ తర్వాత మరో తొమ్మిదేళ్లు అది చక్రం తిప్పింది. నేను చెయ్యెత్తాక చక్రం అర చుట్టు కూడా తిరిగిన రోజు లేదు. చక్రం ఆగిందంటే నేనూ అక్కడికక్కడే ఆగేవాణ్ణి. ఆగకపోతే పోగు తెగిపోతుంది.

మిల్లు తాళ్లు వచ్చాక షెడ్డు మూసేశారు. అమ్మాయి బస్సు డ్రైవరయింది. దాన్ని చేసుకున్నవాడిది వీధి చివర కటింగ్ షాపు. ముగ్గురం షాపు వెనకే ఉన్న రెండు గదుల్లో ఉంటాం. అల్లుడు ఇద్దరి మాటలు మాట్లాడతాడు, నావీ తనవీ.

పరుగు ఎలా మొదలైందంటే, అమ్మాయి ఒకరోజు అన్నం డబ్బా మర్చిపోయి డ్యూటీకి వెళ్లింది. నేను స్టాపుకి వెళ్లేసరికి బస్సు కదిలింది. అరవడం నాకు చేతకాదు. అందుకని పరిగెత్తాను. మూడో స్టాపులో అద్దంలో చూసి ఆపింది.

"ఒక్క కేక వెయ్యొచ్చుగా నాన్నా!"

డబ్బా ఇచ్చి, వచ్చేటప్పుడు కూడా పరిగెత్తుకుంటూనే వచ్చాను. బాగుంది. మర్నాడు డబ్బా లేకుండానే పరిగెత్తాను. అప్పటికి నాకు అరవై రెండు.

అయిదేళ్లలో నాకు కాలిగోళ్లు నాలుగు ఊడాయి. చొక్కా రాసుకుని ఛాతీ మీద రక్తం కారితే, కటింగ్ షాపులో ఉన్నాయన ఎవరో నన్ను పొడిచారనుకుని సగం గడ్డంతో లేచి పరిగెత్తాడు. ఆయన నాకంటే వేగంగా వెళ్లాడని అల్లుడు ఇప్పటికీ చెబుతుంటాడు. వీధిలో నాకు ప్యాసింజరని పేరు పెట్టారు. ప్రతిచోటా ఆగుతుంది, ఎప్పటికోగాని రాదు. "ప్యాసింజరు ఎన్ని గంటలు లేటు?" అని అడిగేవాళ్లు. నేను చెప్పేవాణ్ణి కాదు. ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవాణ్ణి, అది చాలు.

మంచం దిగాక మూడో నెలలో, చెప్పులతోనే నడకకని బయల్దేరి డిపో వెనక కాలినడక వంతెన ఎక్కాను. దిగబోతే రెండో అడుగుకే మోకాలు పట్టేసింది. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పైన ఎండ. కిందికి ఇంకా ఎనభై అడుగుల వాలు. ఎవర్నయినా పిలవాలంటే అరవాలి. ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిరిగాను. వాలుకి వీపు పెట్టి ఒక అడుగు వేశాను. నొప్పి లేదు. ఇంకోటి వేశాను. లేదు. కింది దాకా దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగాను.

ఆ మోకాలు ముందుకి దిగడంలో అరిగిపోయింది గాని, వెనక్కి నడవడంలో నలభై ఒక్క ఏళ్లు పండిపోయింది. డాక్టరు ఫిల్ములో అది కనపడలేదు.

మర్నాడు పక్కింటికి వెళ్లి నిచ్చెన అడిగాను. బల్బు మార్చాలన్నాను. బూట్లు దింపుకున్నాను, బల్బు కూడా మార్చాను, అబద్ధం ఆడినట్టు ఉండకూడదని.

అయిదు నెలలు ఆ వాలు మీదే సాధన చేశాను. తిన్నగా వెనక్కి వెళ్లడానికి కిటుకు ఒకటుంది. ఎదురుగా రెండు స్తంభాలు చూసుకోవాలి, దగ్గరిది దూరానిదాన్ని కప్పేసేలా. దూరానిది పక్కకి తొంగిచూసిందంటే మనం వంకర పోతున్నట్టు. దారి తప్పేవాణ్ణి కాదుగాని, దారిలో ఉన్నవాటికి ఆ సంగతి తెలియదు. పడుకున్న కుక్క మీద ఒకసారి కూర్చున్నాను. ఇద్దరం సమానంగా అరిచాం. గుడ్ల ట్రేలు పెట్టుకుని సైకిలు నడిపించుకొస్తున్నాయన్ని ఒకసారి వీపుతో గుద్దాను.

"ముసలాయనా, ముందు వైపు రెండు కళ్లున్నాయి కదా! వాటినైనా వాడొచ్చుగా?"

"వాడుతున్నాను. నిన్ను గుద్దాక కనపడ్డావు."

ఆయన ఇంకో నాలుగు మాటలన్నాడు. అన్నీ న్యాయమైనవే.

పేరు నమోదు చేసే ఫారం అల్లుడు నింపాడు. నంబరు గుడ్డ పోస్టులో వస్తే దిండు కింద దాచాను. దుప్పట్లు ఉతకడానికి తీస్తూ అమ్మాయి చూసింది. గుడ్డ పట్టుకుని షాపులోకే వచ్చేసింది. కటింగుకి ఎవరూ లేరు. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను.

"ఇదేంటి?"

"నంబరు."

"నంబరని తెలుస్తోంది. ఎవరిది?"

"నాది."

మొగుడి వైపు తిరిగింది. అతను అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం అప్పటికే తళతళలాడుతోంది.

"ఫారం నువ్వే నింపావు కదూ?"

"మావయ్య చెప్పారు, నేను రాశాను. నా చేతిరాత బాగుంటుందని..."

"నీ చేతిరాత సంగతి తర్వాత చూస్తాను." మళ్లీ నా వైపు తిరిగింది. "నాన్నా, తొమ్మిది రోజులు నిన్ను ఎత్తి కూర్చోబెట్టాను. ఎత్తి పడుకోబెట్టాను. గుర్తుందా?"

"ఉంది."

"మళ్లీ ఎత్తమంటావా?"

అది కోపంతో అన్న మాట కాదు, నడుం నొప్పితో అన్న మాట. కుర్చీలోంచి లేచి చెప్పాను.

"ఈసారి బస్సు నన్ను దాటితే ఈ బూట్లు నీ చేతికిచ్చేస్తాను. మళ్లీ పరుగు మాట ఎత్తను. దాటకపోతే మానెయ్యమన్న మాట నువ్వు ఎత్తకు."

అల్లుడు అద్దం తుడవడం ఆపేశాడు. ఒక్క విడతలో నా నోటి నుంచి అన్ని మాటలు రావడం అతను ఎప్పుడూ వినలేదు.

"మాటేనా?" అంది అమ్మాయి.

"మాటే."

అప్పుడు గోడకి తగిలించిన తన డ్యూటీ సంచిలోంచి ఒక కాగితం తీసింది. "ఆదివారం పరుగు వెనకాల వెళ్లే బస్సు. డిపోవాళ్లు డ్రైవర్ని వేశారు. ఎవరో తెలుసా?"

నేను కాగితం వైపు చూశాను.

"నేనే."

"అమ్మో" అన్నాడు అల్లుడు. "డ్యూటీ మార్చుకోవే! తండ్రి వెనకాల కూతురు బస్సేసుకుని తరమడమేంటి, చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"మార్చుకోను. వేరేవాళ్లయితే జాలిపడతారు. ముసలాయన కదా అని బ్రేకు మీద కాలు పెడతారు. నేను పెట్టను."

"పెట్టకు" అన్నాను.

"పెట్టనన్నానుగా."

"పెడితే నేనే వచ్చి ఎక్కేస్తాను."

"ఎక్కు. ముందు సీటు నీకే ఆపి ఉంచుతాను."

ఆదివారం పొద్దున అది నాకంటే ముందే వెళ్లిపోయింది. వెళ్తూ నా బూట్ల పక్కన కొత్త మేజోళ్లు పెట్టి వెళ్లింది. నేనూ తొడుక్కున్నాను.

మొదటి ముప్పై కిలోమీటర్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. కొత్త మేజోళ్లు కరిచాయి. పన్నెండో కిలోమీటరు దగ్గర నోటినిండా నీళ్లు పోసుకుందామని పోసుకుంటే చెవిలోకి పోయాయి. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఒకమ్మాయి ఫోను పట్టుకుని నా పక్కనే పరిగెత్తుతూ, "తాతయ్యా, ఈ వయసులో మీరు మాకిచ్చే సందేశం ఏంటి?" అంది. "పక్కకి తప్పుకో" అన్నాను. అదే సందేశమనుకుందో ఏమో, చాలా సంతోషంగా వెళ్లిపోయింది.

ముప్పై దాటాక వెనక ఇంజను వినపడింది. ఆ బస్సు గొంతు నాకు తెలుసు. మొదటి గేరులో అయిదు గంటలుగా మూలుగుతోంది. తిరిగి చూడలేదు. ఎలాగూ కాసేపట్లో చూడాలి.

పెద్ద వంతెన ఎక్కాను. ఎక్కేటప్పుడు మోకాలు నోరెత్తలేదు. పైకి చేరి, కిందటేడాది నన్ను ఎత్తుకుపోయిన చోటికి వచ్చి, ఆగకుండా గిరుక్కున తిరిగి వెనక్కి పరుగు అందుకున్నాను.

బస్సు వంద గజాల దూరంలో ఉంది. అద్దం మీద ఎండ పడి లోపలేమీ కనపడలేదు. ఈల మాత్రం వినపడింది. మాస్టారు బస్సు దిగి చేతులూపుతూ పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా! ఇటు కాదు, అటు! గ్రౌండు అటుంది!"

"తెలుసు."

"తెలిస్తే ఇటు చూస్తావేం?"

"ఇటు చూస్తున్నా అటే వెళ్తున్నాను."

ఆయనకి నేను ఎండదెబ్బ తిన్నానని రూఢి అయిపోయింది. మళ్లీ ఈల వేశాడు. మోటారు సైకిలు మీద నర్సమ్మ వచ్చి, దిగి, నా ఎదురుగా పరిగెత్తుతూ వేళ్లు చూపించింది.

"ఇవెన్ని?"

"మూడు."

"ఇవాళ ఏ వారం?"

"ఆదివారం. కాస్త పక్కకి జరుగు తల్లీ, స్తంభం కనపడటం లేదు."

నర్సమ్మ మాస్టారి వైపు చూసి, "ఈయన బాగానే ఉన్నాడండీ, మీరే రొప్పుతున్నారు" అంది.

మాస్టారు బస్సెక్కి కాగితాలు విప్పాడు. ఆయన వెతుకుతున్నది వెనక్కి పరిగెత్తకూడదన్న ముక్క. వంతెన దిగేలోగా మొత్తం ఒకసారి చదివాడట. తర్వాత నాకు బస్సులోవాళ్లు చెప్పారు. బళ్లు ఎక్కకూడదని ఉంది, కర్ర పట్టుకోకూడదని ఉంది, కుక్కల్ని తేకూడదని కూడా ఉంది. మొహం ఎటు పెట్టాలో మాత్రం ఎవరూ రాయలేదు.

వంతెన కిందికి చేరేసరికి బస్సు అరవై గజాలకి వచ్చింది. నేను ముందుకి తిరిగి మామూలుగా పరిగెత్తాను. అక్కణ్ణుంచి ఆరేడు కిలోమీటర్లు చదును నేల. చదునే గాని ఎండ. తారు మెత్తబడి బూట్లు అంటుకుంటున్నాయి. కళ్లలో ఉప్పు. ఒకచోట పిక్క పట్టేసింది, దాన్ని గుద్దుకుంటూ, కుంటుతూనే వెళ్లాను. వెనక ఇంజను చప్పుడు పెరుగుతూనే ఉంది. అరవై గజాలు నలభై అయింది. నలభై ఇరవై అయింది. అమ్మాయి వేగం కాస్త కూడా తగ్గించడం లేదు, పెంచడమూ లేదు. నేనే తగ్గుతున్నాను.

బస్సు కిటికీల్లోంచి ఎక్కినవాళ్లు అరుస్తున్నారు. "తాతా రా, చల్లగా ఉంది లోపల!" అని ఒకడు. "నోర్ముయ్యరా, పరిగెత్తనీ ఆయన్ని!" అని ఇంకొకడు. నాకు మొదటివాడి మీద కోపం రాలేదు. నిజమే చెబుతున్నాడు.

నలభయ్యో కిలోమీటరు దాటాక కొండవాలు మొదలవుతుంది. అక్కణ్ణుంచి గ్రౌండు గేటు దాకా దిగుడే. అక్కడ రెండోసారి తిరిగాను.

బస్సు పది బారల దూరంలో ఉంది. ఈసారి ఎండ పక్కనుంచి పడుతోంది. అద్దంలోంచి మా అమ్మాయి స్పష్టంగా కనపడింది. రెండు చేతులూ చక్రం మీద. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. పెదవి పళ్ల కింద బిగించింది. బడి నుంచి వచ్చి చక్రం దగ్గర నిలబడ్డప్పుడు కూడా అలాగే బిగించేది. నా వైపు చూస్తోంది. నేనూ దాని వైపే చూస్తున్నాను. ఇక స్తంభాలు అక్కర్లేదు, దాని మొహం బస్సు మధ్యలో ఉంటే నేను తిన్నగా ఉన్నట్టే.

అడుగు కుదిరింది. ఊపిరి కుదిరింది. బస్సుకీ నాకూ మధ్య దూరం పది బారలే నిలిచింది. షెడ్డులో ఉన్నట్టే ఉంది. బహుశా అందుకే ఆ తప్పు జరిగింది.

నుదుటి మీంచి చెమట ధార కట్టి కంట్లోకి దిగింది. తుడుచుకోడానికి కుడి చెయ్యి పైకెత్తాను.

బస్సు కీచుమంటూ ఆగిపోయింది.

లోపల అందరూ ముందుకి పడ్డారు. మాస్టారి నుదురు కమ్మీకి కొట్టుకుంది. ఇంజను కూడా ఆగిపోయింది.

నేనూ ఆగిపోయాను.

చెయ్యి పైనే ఉంది. బస్సు కదలడం లేదు. నేను కదలడం లేదు. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది, నేనూ అలాగే చూస్తున్నాను. ఆపను అన్న మనిషి ఆపేసింది. ఆపితే ఎక్కేస్తానన్న మనిషి నిలబడిపోయాడు. గేటుకి ఇంకా ఒకటిన్నర కిలోమీటరు ఉంది. నడిరోడ్డు మీద తండ్రీకూతుళ్లం తాడు తెగిన మొహాలతో అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు. నిమిషం అని మాస్టారు తర్వాత రాసుకున్నాడు.

"డ్రైవరమ్మా! ఏంటిది?" మాస్టారు నుదురు పట్టుకుని అరుస్తున్నాడు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, నాకు ప్రతి ముక్కా వినపడింది. "తండ్రి అని ఆపావా?"

"కాదండీ. చెయ్యెత్తాడు."

"ఎత్తితే?"

ఆయనకి చెప్పాలంటే పద్దెనిమిదేళ్ల వెనక్కి వెళ్లి షెడ్డు చూపించాలి.

"నిమిషం పోయింది. వంద గజాలు వెనకబడ్డాం" అన్నాడు మాస్టారు. "గేటు దగ్గరికి టైముకి వెళ్లాల్సిందే. స్పీడు పెంచు. ఆయన దారికడ్డమైతే ఎక్కించుకో."

ఇంజను మళ్లీ అందుకుంది. నేను చెయ్యి దింపి వెనక్కి అడుగు వేశాను.

ఆ ఒక్క నిమిషంలో కాళ్లు చల్లబడిపోయాయి. పిక్క మళ్లీ బిగిసింది. బస్సు కదిలింది, ఇందాకటి కంటే వేగంగా. పది బారలు ఎనిమిది అయ్యాయి. ఆరు అయ్యాయి. మా అమ్మాయి మొహంలో ఏదో అడుగుతున్నట్టు ఉంది. దాని కాలు పెడలు మీద తడబడుతోందని ఇంజను గొంతులో తెలుస్తోంది. నొక్కడం, వదలడం, నొక్కడం. జాలిపడుతోంది. నా వేలు తీసిన రోజు నుంచి దాచుకున్న జాలి అంతా ఇప్పుడు ఆ కాలిలోకి దిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నలభై కిలోమీటర్లు నా కాళ్లతో వచ్చినవాణ్ణి. మిగిలిన ఒకటిన్నర ఎవరో వదిలిపెడితే వెళ్లాలా? బూట్లు పోతే పోనీ. అలా మాత్రం ఉంచుకోను.

కుడి చెయ్యి ఛాతీ దాకా తెచ్చి చూపుడువేలు గుండ్రంగా తిప్పాను.

అది కళ్లు పెద్దవి చేసింది.

మళ్లీ తిప్పాను. తిప్పు. ఇంకా తిప్పు.

"ఏమంటున్నాడాయన?" అన్నాడు మాస్టారు.

"ఇంకా వేగంగా రమ్మంటున్నాడు."

"ఏంటీ?"

"వేగంగా రమ్మంటున్నాడండీ!" అంది గట్టిగా. పెడలు తొక్కింది. ఇంజను గొంతు ఈసారి తడబడలేదు.

ఇక నాకు మోకాలు లేదు, పిక్క లేదు. వెనక్కి అడుగులు వాటంతటవే పడుతున్నాయి, మడమ తాకీ తాకకుండానే లేచిపోతోంది. నడుముకి నార చుట్టుకుని ఉన్నట్టే రెండు చేతులూ అక్కడ పెట్టుకున్నాను. అది తరుముతోంది. తరమమన్నది నేనే. బస్సులో కేకలు. మొదటివాడు కూడా ఇప్పుడు, "తాతా, లాగు, లాగు!" అంటున్నాడు. ఆరు బారలు నాలుగయ్యాయి. నాలుగు దగ్గర చాలాసేపు నిలిచాయి. తర్వాత మూడు. ముందు రేకు మీది దుమ్ము, వైపర్ల కింద ఇరుక్కున్న ఎండుటాకు, అన్నీ కనపడుతున్నాయి. ఇంజను వేడి మొహానికి కొడుతోంది. మా అమ్మాయి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం చక్రం మీంచి తియ్యలేదు, కాలు మాత్రం పెడలు మీంచి ఎత్తలేదు.

వీపుకి చల్లగాలి తగిలింది. గోడ నీడ. షెడ్డు చివరికి వచ్చినట్టే తెలిసింది. మడమకి గేటు దగ్గరి రబ్బరు గట్టు తగిలింది. కాలెత్తి దాటాను. రెండో కాలూ దాటింది.

బస్సు గట్టుకి అవతల ఆగింది. రెండు బారల దూరం.

గ్రౌండులో మిగిలిన ముక్క ముందుకి తిరిగి నడిచాను, తొందరలేదు కాబట్టి. అందరికంటే చివరివాణ్ణి నేనే. నా మెడలో పతకం బిళ్ల వేసినాయన అప్పటికే బల్లలు మడిచేస్తున్నాడు.

మాస్టారు నుదుటి మీద బొప్పితో వచ్చాడు. కాగితాలు చేతిలోనే ఉన్నాయి.

"మూడుసార్లు చదివాను. ఎక్కడా లేదు" అన్నాడు. "వచ్చే ఏడాది రాయిస్తాను చూడు."

"రాయించండి. మా అల్లుడి చేత చదివించుకుని వస్తాను."

ఆయన ఈల నోట్లో పెట్టుకుని, వెయ్యకుండానే వెళ్లిపోయాడు.

మా అమ్మాయి బస్సు దిగి వచ్చింది. నేను గ్రౌండు పక్కనున్న సిమెంటు గట్టు మీద కూర్చుని ఉన్నాను.

"ఎందుకెత్తావు చెయ్యి?"

"చెమట."

"చెమటా!" నా పక్కన కూర్చుంది. "ఆపనన్నాను. ఆపేశాను."

"నేనూ ఆగాను."

"నువ్వెందుకు ఆగావు?"

"చక్రం ఆగింది."

దానికి నవ్వు వచ్చింది, ఏడుపూ ఆగలేదు. నా ఎడమ చెయ్యి వైపు చూసింది. జేబులో పెట్టుకుందామంటే ఆ నిక్కరుకి జేబు లేదు. వీపు వెనక పెట్టుకున్నాను.

"బస్సు దాటలేదు" అన్నాను.

"దాటలేదు. ఒప్పుకుంటున్నాను. ఇంక ఆ మాట ఎత్తను." కొంగుతో మొహం తుడుచుకుంది. "మోకాలు చూపించు."

"ఇంటికెళ్లాక."

"బూట్లయినా విప్పు, కాళ్లకి గాలి తగులుతుంది."

"విప్పను."

"నేనేం పట్టుకుపోనులే!"

విప్పలేదు. మాట మీద నమ్మకం ఉంది. అటక మీద లేదు.

"సరే, లే. బస్సెక్కు. ఇంటి దగ్గర దింపి డిపోకి వెళ్తాను."

"ఆ బస్సు ఎక్కను."

"నాన్నా, పరుగు అయిపోయింది."

"తెలుసు."

"ఇల్లు నాలుగు కిలోమీటర్లు."

"తెలుసు."

"మధ్యలో వంతెన దిగాలి."

"దిగడం వచ్చు."

ఇంక వాదించలేదు. నాతో వాదించి గెలవలేరని కాదు, నేను తిరిగి మాట్లాడనని దానికి విసుగు. వెళ్లి బస్సెక్కింది. నేను లేచి, గేటు దాటి, రోడ్డు పక్కన నడవడం మొదలుపెట్టాను. రోడ్లు అప్పటికే తెరిచేశారు. ఆటోలు, సైకిళ్లు, అన్నీ నన్ను దాటిపోతున్నాయి. దాటనీ.

వెనక నుంచి ఆ ఇంజను వినపడింది. నా పక్కకి వచ్చేసరికి నెమ్మదించింది. అప్పటి దాకా ఏడు గంటలు నా వెనకాల ఉన్న బస్సు నన్ను దాటి ముందుకి వెళ్లింది. దాని అద్దంలో మా అమ్మాయి కళ్లు కనపడ్డాయి. వేగం పెంచకుండా మొదటి గేరులోనే పాకుతోంది.

వెళ్లమని చెయ్యి ఊపబోయాను. సగంలో ఆపుకున్నాను. ఎత్తితే అది ఆపేస్తుంది.

నడుం దగ్గరే వేలు గుండ్రంగా తిప్పాను. రెండో గేరు పడిన చప్పుడు వినపడింది.